మెథోట్రెక్సేట్ ఆపేసి పేగులు క్లీన్ చేయించుకోమంటున్నారు, చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. నాకు 41 ఏళ్లు, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రెండేళ్ల కిందట వేళ్లు, మణికట్లు వాచిపోయి పొద్దున లేస్తే గంటన్నర దాకా పిడికిలి ముడవలేకపోయేదాన్ని. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి ఆదివారం ఆదివారం మెథోట్రెక్సేట్, దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ రాశారు. వాపులు చాలావరకు తగ్గాయి. కానీ మాత్ర వేసుకున్న మర్నాడంతా వికారం, కడుపు ఎప్పుడూ ఉబ్బరం. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాను, పని ఎక్కువున్న రోజు మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుంటాను. ఈమధ్య మా మరిది ఒక వీడియో పంపాడు. పేగులు పాడవడం వల్లే ఈ జబ్బులన్నీ వస్తాయని, మలం పరీక్ష చేసి మూడు నెలల ప్యాకేజీతో పేగులు శుభ్రం చేస్తే ఇక మందులే అక్కర్లేదని అందులో చెప్పారు. ఫోన్ చేస్తే ముందు ఇంగ్లిష్ మందులు ఆపమన్నారు. గోధుమలు, పాలు, పెరుగు, పప్పులు మానేయమన్నారు. రెండు ఆదివారాలుగా మాత్ర వేసుకోలేదు. పెరుగు వాతం అని మా అత్త కూడా అంటుంది. నిజంగా పేగులకూ కీళ్లకూ సంబంధం ఉందా? నేనేం తినాలి? మా అమ్మాయికి 15 ఏళ్లు, దానికీ ఈ జబ్బు వస్తుందా?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఒక పని చేయండి. మీకు మందు రాసిన డాక్టరుకు రేపే ఫోన్ చేసి, రెండు వారాలుగా మాత్ర మానేశానని ఉన్నదున్నట్టు చెప్పండి. కోప్పడినా ఫర్వాలేదు. ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పటి నుంచి, ఎంత వేసుకోమంటే అంతే వేసుకోండి. పోయిన రెండు వారాలవీ కలిపి ఒకేసారి మింగొద్దు, తొందరగా తగ్గాలని రోజూ అసలే వేసుకోవద్దు. ఇది వారానికి ఒక్కరోజు మందు. పొరపాటున రోజూ వేసుకుని, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ఐసీయూ దాకా వెళ్లినవాళ్లున్నారు. అందుకే అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘ఆదివారం’ అని రాసి పెట్టుకోమంటాం.

ఇంత తొందర ఎందుకంటే, ఈ జబ్బులో కీలు లోపలి పొర వాచి ఉన్నంతకాలం అది పక్కనున్న ఎముక అంచుల్ని తినేస్తూ ఉంటుంది. నొప్పి పెద్దగా లేకపోయినా ఆ పని లోపల జరిగిపోతూనే ఉండొచ్చు. అలా తినేసిన ఎముక ఏ మందుతోనూ తిరిగి రాదు, వేళ్లు పక్కకి వంగాక మళ్లీ సూదిలో దారం ఎక్కించడం కష్టం. మీకు చేతులే జీవనాధారం కదా, అందుకే చెబుతున్నాను. రెండు వారాలు మానితే ఏమీ అనిపించకపోవచ్చు కూడా. ఈ మందు పనిచేయడానికి వారాలు పట్టినట్టే, దాని ప్రభావం పోవడానికీ వారాలు పడుతుంది. మానేసినా బాగానే ఉన్నానని మనిషి మోసపోయేది ఇక్కడే, ప్యాకేజీ వాళ్లు ‘చూశారా, తగ్గింది’ అనేదీ ఇక్కడే.

ఇప్పుడు మీరడిగింది. పేగులకూ ఈ జబ్బులకూ సంబంధం ఉందా అంటే, ఉంది. ఆ వీడియోలో మొదటి మాట నిజమే. నిజమైన మాటతో మొదలుపెడతారు కాబట్టే మిగతాదంతా నమ్మబుద్ధవుతుంది.

మన ఒంట్లోని రోగనిరోధక కణాలు పేగుల గోడల్లో పెద్ద సంఖ్యలో ఉంటాయి. చిన్నపేగు చివరి భాగంలో వాటికి ప్రత్యేకంగా స్థావరాలున్నాయి, పేయర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు 1677లోనే వాటిని వర్ణించాడు కాబట్టి ఇప్పటికీ పేయర్స్ ప్యాచెస్ అనే అంటాం. ఎందుకు అక్కడే అంత బలగం అంటే, పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క వరస కణాలు. మూడు నుంచి ఐదు రోజులకోసారి పాతవి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఆ పొరకు ఒకవైపు మనం తిన్న తిండి, కోట్లాది సూక్ష్మజీవులు, రెండోవైపు మన రక్తం. (సూక్ష్మజీవులు ఒంట్లోని కణాలకంటే పదింతలని ఆ వీడియోలో చెప్పే ఉంటారు. ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు 2016లో మళ్లీ లెక్కవేస్తే సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేలింది. దాదాపు సమానం.) ఇదంతా అలిపిరి చెక్‌పోస్టు లాంటిది అనుకోండి. అక్కడ ప్రతి బండినీ, ప్రతి సంచినీ చూస్తారు, కానీ వాళ్ల పని జనాన్ని ఆపడం కాదు, పంపించడం. వేలమందిని కొండకి పంపుతూ పంపకూడనిదాన్ని మాత్రమే ఆపాలి. పేగుల్లోని రోగనిరోధక కణాలు కూడా రోజంతా చేసేది సహించడమే, ఇది ఇడ్లీ, ఇది మనతో ఉండే బ్యాక్టీరియా, దీన్ని వదిలేయ్ అని. ఆ సహనం తప్పినప్పుడు మన సొంత కణజాలం మీదే దాడి మొదలవుతుంది, వాటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటాం. మీ కీళ్లవాతం, థైరాయిడ్‌లో ఒక రకం, సోరియాసిస్, పేగులు వాచే క్రోన్స్, పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగరు, ఇలాంటివన్నీ ఈ తరహావే.

ఆ సహనాన్ని నేర్పడంలో సూక్ష్మజీవులకూ పాత్ర ఉంది. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగులోకి దిగితే అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు కణాలకు అదే ప్రధాన ఆహారం, పైగా దాడిని అదుపులో పెట్టే ఒక రకం రోగనిరోధక కణాలు పెరగడానికి అది తోడ్పడుతుందని 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. అదే ఏడాది న్యూయార్క్‌లో, రుమటాయిడ్ కొత్తగా మొదలై ఇంకా మందులు వాడని వాళ్ల మలం పరీక్షిస్తే ప్రెవొటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. ఇంకొకటి చెబుతాను, నాకు చాలా ఇష్టమైన విషయం. మీలాంటివాళ్లకు వాడే సల్ఫాసలజీన్ అనే మాత్ర ఉంది, 1940ల ప్రాంతంలో స్వీడన్‌లో నాన్నా స్వార్ట్స్ అనే డాక్టరమ్మ కీళ్లవాతం కోసమే దాన్ని తెచ్చింది. ఆ మాత్ర మింగితే సరిపోదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేస్తేనే పనిచేస్తుంది. మందూ పేగూ శత్రువులని ఎవరైనా చెబితే ఈ మాత్రని గుర్తుచేసుకోండి.

మరి వీడియో ఎక్కడ దారి తప్పిందంటే, సంబంధం ఉంది అన్నదాన్ని అదొక్కటే కారణం అని మార్చి, దాన్ని మేం శుభ్రం చేసేస్తాం అన్న దగ్గర. ప్రెవొటెల్లానే తీసుకోండి. అన్నం, పప్పు, కూరగాయలు ఎక్కువగా తినే మన దేశంలో ఏ జబ్బూ లేనివాళ్ల పేగుల్లో కూడా అది దండిగా ఉంటుంది. రేపు మీ మలం పరీక్ష రిపోర్టులో ఆ పేరు ఎర్ర రంగులో వస్తే మీరు టెన్షన్ పడి ప్యాకేజీ కొంటారు, నిజానికి మీ ఎదురింటావిడకి చేసినా అదే రావచ్చు. ఆ రిపోర్టు చూసి ఏ కీళ్ల డాక్టరూ మందు మార్చరు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

‘లీకీ గట్’ అని వాళ్లు భయపెట్టేది పూర్తిగా కల్పితం కాదు. కీళ్లవాతంలో, ఇంకొన్ని ఆటోఇమ్యూన్ జబ్బుల్లో పేగు పొర వదులవుతుందని పరిశోధనల్లో కనిపించింది. కానీ వదులై జబ్బొచ్చిందా, జబ్బొచ్చి వదులైందా అన్నది తేలనే లేదు, దాన్ని మళ్లీ బిగించే పొడి ఏదీ ఇంతవరకు రాలేదు. ఇక శుభ్రం చేయడం అంటారా, కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ముందు మేం పేషెంట్ల పెద్దపేగు మొత్తం విరేచనాల మందుతో ఖాళీ చేయిస్తాం, కొన్ని వారాలు తిరక్కుండానే పాత సూక్ష్మజీవులే మళ్లీ వచ్చి చేరతాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు కూడా. వందేళ్ల కిందట లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే గొప్ప పేరున్న సర్జన్, పేగుల్లో నిలవున్న మలం నుంచి విషాలు ఒళ్లంతా పాకి జబ్బులొస్తాయని నమ్మి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేసేవాడు. ఆ పద్ధతి చివరికి వదిలేశారు. మొన్నీమధ్య డెన్మార్క్‌లో సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతానికి ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవుల్ని పేషెంట్ల పేగుల్లోకి ఎక్కించి చూశారు, 2021లో ఫలితాలొచ్చాయి. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లకంటే ఎక్కించుకున్నవాళ్లకే పరిస్థితి అధ్వానంగా ఉంది. మొత్తం సూక్ష్మజీవుల్నే మార్చినా కీలు బాగుపడలేదంటే, మూడు నెలల పొడి ప్యాకెట్లు ఏం చేస్తాయో మీరే ఆలోచించండి. ఆ ప్యాకెట్ల మీద లోపలేముందో రాసి లేకపోతే అసలు ముట్టుకోవద్దు. పేరు లేని కీళ్ల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సంఘటనలు మన దేశంలో చాలానే బయటపడ్డాయి. వేసుకున్న నాలుగు రోజులకే నొప్పులు మాయమైతే సంతోషపడకండి, అనుమానపడండి.

తిండి ఒక్కటే మందైన ఆటోఇమ్యూన్ జబ్బు ఒకటుంది, సీలియాక్. గోధుమలో ఉండే గ్లూటెన్ వాళ్లకి పడదు, మానేస్తే పేగు బాగవుతుంది. అది ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో చాలా తక్కువ. మీకు ఆ అనుమానం ఉంటే టీటీజీ అనే రక్త పరీక్ష ఉంది, అది గోధుమలు మానకముందే చేయించుకోవాలి, మానేశాక చేస్తే ఉన్నా లేనట్టే రావచ్చు. అనుమానం లేకపోతే వారానికి రెండుసార్లు తినే చపాతీకి భయపడక్కర్లేదు.

మీ కడుపు సంగతి నన్నడిగితే, అసలు దొంగలు మీ ఉత్తరంలోనే ఉన్నారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే నొప్పి మాత్ర, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలు, కడుపులోనే కాదు చిన్నపేగు పొర మీద కూడా పుండ్లు చేస్తాయి. పేగు పొరను పాడుచేసేది ఇంతకంటే రుజువైంది మీ ఇంట్లో ఇంకోటి లేదు. పైగా మెథోట్రెక్సేట్‌తో కలిపి వాడేటప్పుడు కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి, షాపు కుర్రాడు ఆ పని చేయడు. మాటిమాటికీ నొప్పి మాత్ర అవసరమవుతోందంటే జబ్బు పూర్తిగా అదుపులోకి రాలేదని అర్థం, ఆ మాట డాక్టరుకు చెబితే అసలు మందు సరిచేస్తారు. గ్యాస్ మాత్ర కూడా అంతే. పాంటాప్రజోల్ లాంటివి కొన్ని వారాలకు రాసేవి, ఏళ్ల తరబడి పరగడుపున అలవాటుగా వేసుకుంటే కడుపులో ఆమ్లం తగ్గి పేగుల్లోని సూక్ష్మజీవుల తీరు మారుతుంది, పేగు ఇన్ఫెక్షన్లు కూడా పెరుగుతాయి. ఒక్కసారిగా ఆపితే మంట ఎక్కువవుతుంది కాబట్టి ఎలా తగ్గించాలో డాక్టరునే అడగండి. జలుబుకీ విరేచనాలకీ సొంతంగా యాంటీబయాటిక్ కొనడం మానేయండి. అన్నిటికంటే ముఖ్యంగా కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ప్రమాదం, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీరు వాడే మందు పేరు ముందే చెప్పాలి.

మాత్ర మర్నాటి వికారానికి దారులున్నాయి. రాత్రి భోజనం చేశాక వేసుకుని పడుకోవచ్చు, అదే రోజు మోతాదును రెండుగా పంచుకోవచ్చు, ఫోలిక్ యాసిడ్ పెంచొచ్చు, మాత్ర బదులు ఇంజెక్షన్‌కి మారొచ్చు. ఇవన్నీ మీ డాక్టరు అరనిమిషంలో రాసిచ్చేవి, మీరు అడగలేదంతే. మొహమాటపడి మందే మానేసే బదులు నోరు తెరిచి అడగండి. మీ డాక్టరు కీళ్లవాత నిపుణుడు కాకపోతే స్విమ్స్‌లోనో రుయాలోనో రుమటాలజీకి ఎవరు చూస్తున్నారో, ఓపీ ఏ రోజో కనుక్కుని ఒకసారి చూపించుకోండి. రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్షలు, లివర్ పరీక్ష తప్పొద్దు.

ఇక తిండి. పప్పులు మానేయమన్నారు చూడండి, నాకు కోపమొచ్చింది అక్కడే. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు కావలసిందే పీచు, మనకు అది దొరికేదే పప్పుల్లో, గింజల్లో, ఆకుకూరల్లో. మన చిత్తూరు ప్రాంతం తిండి ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు లోపే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కాబట్టి సంగటి తినండి, కానీ ఇప్పుడు చాలా ఇళ్లలో సంగటంటే అన్నంలో రంగుకి రాగిపిండి కలిపినట్టుంటోంది, రాగిపిండి వంతు పెంచండి. దాంతో పాటు ఉలవచారు, చెనగ్గింజల ఊరుబిండి, ఆకుకూర పప్పు, చలికాలంలో అనపగింజల కూర. వేరే దేశం నుంచి తెచ్చిన పొడులేవీ వీటికి సాటిరావు.

మీకు ఉబ్బరం ఉంది కాబట్టి ఒక్కసారిగా పెంచొద్దు. ఈ వారం ఒకపూట, పడితే వచ్చే వారం రెండో పూట. ఉలవలు, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి మెత్తగా ఉడికించండి. అయినా ఏదో ఒకటి తిన్న ప్రతిసారీ ఇబ్బంది పెడుతుంటే నోట్‌బుక్కులో రాసుకుని ఆ ఒక్కటే కొన్నాళ్లు ఆపి చూడండి, పదార్థాలన్నీ ఒకేసారి మానేస్తే ఏది పడలేదో తెలియదు, మీరు నీరసించిపోతారు.

పెరుగు వాతం అన్న మీ అత్తగారి మాట కాదనడం మీకు కష్టమే, కానీ పెరుగు తింటే రుమటాయిడ్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతుల్లో సగం మందికి పది వారాలు పెరుగులాంటి పులిసిన పదార్థాలు బాగా పెట్టి చూస్తే, పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగి, రక్తంలో వాపును సూచించే ప్రొటీన్లు పందొమ్మిది తగ్గాయి. వాళ్లకి కీళ్లవాతం లేదు, కాబట్టి పెరుగు మీ జబ్బును తగ్గిస్తుందని నేను చెప్పను, హాయిగా తినొచ్చు అంటాను. పాలు బాగా కాచి ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, పల్చటి మజ్జిగ చాలు. సద్దన్నం కూడా మంచిదే. అయితే మీ మందు రోగనిరోధక శక్తిని కాస్త తగ్గిస్తుంది కదా, కాచి చల్లార్చిన నీళ్లే పోయండి, అన్నం వేడి తగ్గగానే శుభ్రమైన గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి మూతపెట్టండి, పొద్దున పుల్లటి వాసన కాక వేరే వాసన వచ్చినా, పైన బూజులా కనిపించినా పారేయండి. మన ఎండాకాలంలో రాత్రి వండింది పొద్దున ఎనిమిదిలోపే తినేయాలి, మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. ఇడ్లీపిండి కూడా పులుస్తుంది కానీ ఆవిరికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తేలిగ్గా అరగడం వరకే దాని లాభం. ఆవకాయను ప్రోబయోటిక్ అనుకుని ఎక్కువ వేసుకోవద్దు, అందులో ఉప్పే ఎక్కువ. ప్రోబయోటిక్ మాత్రలు మీకు మీరుగా కొనొద్దు.

పళ్ల చిగుళ్లు చూపించుకున్నారా? చిగుళ్ల జబ్బుకూ రుమటాయిడ్‌కూ సంబంధముందని బాగానే తెలిసింది, మీ ఉత్తరం చదివి నాకు ముందు తట్టింది అదీ ఒకటి. బ్రష్ చేస్తుంటే రక్తమొస్తుంటే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ కాలిస్తే బయటికి పంపండి, పొగ ఈ జబ్బుకి రుజువైన కారణాల్లో ఒకటి. వాపులు లేని రోజుల్లో పొద్దున కాసేపు నడవండి.

ఉబ్బరం అని సరిపెట్టుకోకూడని సందర్భాలు కూడా చెప్పాలి. మలంలో రక్తం, నల్లటి మలం, నిద్రలో లేపేసే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, హిమోగ్లోబిన్ పడిపోవడం, వీటిలో ఏదున్నా గ్యాస్ట్రో డాక్టరును కలవండి. మెథోట్రెక్సేట్ మీద ఉన్నప్పుడు జ్వరం, నోటిపుండ్లు, పొడిదగ్గుతో ఆయాసం వస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. మళ్లీ గర్భం ఆలోచన ఏమైనా ఉంటే ముందే చెప్పండి, ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

మీ అమ్మాయి గురించి. రుమటాయిడ్ నూటికి ఒకరికంటే తక్కువమందికే వస్తుంది. తల్లికి ఉంటే అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది, అయినా మీలాంటి తల్లుల పిల్లల్లో చాలా ఎక్కువమందికి అసలు రాదు. ఇప్పుడు తనకి ఏ లక్షణమూ లేకుండా ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష చేయించొద్దు, అది ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పాజిటివ్ రావచ్చు, అప్పుడు ఇల్లంతా అనవసరంగా దిగులు. ఎప్పుడైనా పొద్దున లేవగానే వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోవడం, కణుపులు వాచడం ఆరు వారాలు దాటి ఉంటే అప్పుడు ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి. మీ మరిదికి ఈ జవాబు పంపించండి, మీ మంచి కోరే వీడియో పంపాడు, కాబట్టి ఆదివారం రాత్రి మీకు మాత్ర గుర్తుచేసే పని అతనికే అప్పజెప్పండి.